కుందేలు మెడకు దారం

ఒక పెద్ద అడవిలో రాజుగారైన సింహానికి నాలుగడుగులేస్తే ఆయాసం. కూర్చున్నచోటికే వేట తెప్పించుకోవడం మొదలై ఎన్నేళ్లయిందో!

వైద్యుడైన ఎలుగుబంటి రాజుగారి నాడి చూశాడు. "ప్రభూ, నెత్తురు సూటిగా ఉరికేచోట నాళం శుభ్రంగా ఉంటుంది. వంపులో నెమ్మదించి సుడి తిరుగుతుంది. అక్కడే కొవ్వు పేరుకుంటుంది, వాగు మలుపులో ఒండ్రు చేరినట్టు."

"రుజువేదీ?"

"ఒక జంతువు మీద చూడాలి."

సంఘం వేశారు. అధ్యక్షుడు నక్క. ఇంకెవరవుతారు? పిలవకుండానే ముందు వరసలో కూర్చునే జాతి అది.

నక్క తన మెడకు అధ్యక్షుడి పట్టీ కట్టుకుని పద్ధతి రాయించాడు. నాళం వంపు తిరిగేలా కుందేలు మెడకు దారం బిగించాలి. రోజూ గిన్నెడు నెయ్యి పెట్టాలి. నెల తిరిగాక మెడలో నెత్తురు సుడి తిరిగి 'జుయ్' మని చప్పుడొస్తే కోసి చూడాలి. మిగిలిన మాంసం అధ్యక్షుడికి.

"కుందేలునే కోయాలని రాయనా?" అన్నాడు ఎలుగు.

"ఛ! పేరు పెడితే పక్షపాతమంటారు. 'చప్పుడొచ్చిన జంతువు' అని రాయవయ్యా."

కుందేలు నక్క కాళ్ల మీద పడింది. "నక్కబావా, పాలు తాగే పిల్లలున్నారు నాకు!"

"శాస్త్రం కోసమమ్మా. నీ పేరు రాతి మీద చెక్కిస్తాం."

"పేరు ఉంచుకో బావా, నా మెడ నాకొదిలెయ్!"

ఎవరు విన్నారు?

మర్నాటి నుంచి నెయ్యి వచ్చింది. పరీక్షించకుండా పెట్టకూడదన్నాడు నక్క. పరీక్ష పూర్తయ్యేసరికి గిన్నె ఖాళీ. కుందేలుకు గడ్డే మిగిలింది. అది బెంగతో కొండ చుట్టూ పరుగులు పెడితే, దారం ముళ్లకంపకు తగిలి తెగిపోయింది. నక్క మెడ మాత్రం లావెక్కింది. పట్టీ బిగిసింది. పదవి కదా, విప్పలేదు.

నెల తిరిగింది. ఎలుగు కుందేలు మెడకు చెవి ఆనించాడు.

"ఏమీ లేదు."

"సరిగ్గా వినవయ్యా!" అంటూ నక్క మీదికి వంగాడు.

"ఉండండి... జుయ్ మంటోంది. అయ్యా, మీ మెడే!"

సింహం లేచి కూర్చుంది. "రాసింది చదవండి."

"చప్పుడొచ్చిన జంతువును కోసి చూడాలి."

"అది కుందేలు గురించి ప్రభూ!"

"పేరు వద్దన్నది నువ్వే కదయ్యా," అన్నాడు ఎలుగు.

నక్క పారిపోయాడు. సింహం నాలుగడుగులు తరిమి, రొప్పుతూ కూలబడింది. కుందేలు పిల్లల దగ్గరికి పోయింది.

నీతి: ప్రయోగానికి జంతువును వెతకనక్కర్లేదు, సంఘం వేస్తే చాలు, అందులోనే తయారవుతుంది.