పేరు రాయని కవరు

ఆ శనివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు ఐదుగురు. నానమ్మ, గడియారాలు బాగుచేసే నాన్న, కుట్టుమిషను ముందు నుంచి లేవని అమ్మ, మొగుడితో గొడవపడి పది రోజులుండి వెళతానని వచ్చి మూడో నెలలో పడ్డ మేనత్త, అందరిలోకీ చిన్నది కాబట్టి చిన్నది అన్న పేరే స్థిరపడిపోయిన పదిహేనేళ్ళ పిల్ల. ఏడు గంటలకు లెక్క చూసుకుంటే నలుగురే తేలారు.

తొమ్మిదింటికి నానమ్మను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నది ఆ రోజు ఏర్పాటు. లేపడానికని చిన్నది గదిలోకి వెళ్ళింది. మంచం ఖాళీగా ఉంది. మంచం కింద చెప్పులున్నాయి. బల్ల మీద కళ్ళజోడు, పక్కనే గాజు గ్లాసులో పళ్ళసెట్టు. ఆ మూడింటినీ చూసి చిన్నది అక్కడే కూలబడింది.

దానికి కారణం ఉంది. ప్రభువు రాకడ ఏ క్షణమైనా ఉంటుందనీ, సిద్ధపడ్డవాళ్ళు ఉన్నపళంగా పైకి ఎత్తబడతారనీ, మిగిలినవాళ్ళు బిక్కమొహాలు వేసుకుని కింద ఉండిపోతారనీ నానమ్మ నమ్మకం. ఆ ఇంట్లో అందరి నమ్మకమూ అదే. కాకపోతే మిగతావాళ్ళు నమ్మి ఊరుకున్నారు, నానమ్మ ఏర్పాట్లు కూడా చేసింది. "ఒకరోజు పొద్దున నేను కనపడను. చెప్పులు, జోడు, పళ్ళు ఇక్కడే ఉంటాయి. అక్కడ వాటితో పని లేదు. అవి చూడగానే రేకుపెట్టె తెరిచి ఉత్తరాలు పంచెయ్యండి" అని అందరికీ చెప్పిపెట్టింది.

ఆ ఉత్తరాలు ఉండిపోయేవాళ్ళ కోసం. నానమ్మకు దగ్గరి చూపు ఆనదు కాబట్టి ఆవిడ చెబుతుంటే చిన్నది రాసింది. మొత్తం పదకొండు. ఇంట్లో అందరికీ ఉంది, చిన్నదానికి తప్ప. పన్నెండోది మాత్రం నానమ్మ గది తలుపేసుకుని తనే రాసి, జిగురంటించి, పైన పేరు లేకుండా పెట్టె అడుగున దాచింది. అది తనదేనని చిన్నదానికి అనుమానం. నోరు విప్పి అడిగే పిల్ల కాదు. ప్రార్థనలో అది కళ్ళు మూసుకోదని నానమ్మకు తెలుసు. ఎవరు ఆవలించారో ఆవిడ ఆరా తీసేది దాని దగ్గరే. అలాంటి పిల్లను వెంట తీసుకెళతారా, కింద వదిలేస్తారా అన్నదే రెండు నెలలుగా దాని దిగులు.

"అత్తా, నానమ్మ లేదు" అంది చిన్నది గుమ్మం పట్టుకుని.

మేనత్త వచ్చి చెప్పులు చూసింది, జోడు చూసింది, పళ్ళు చూసింది. "వెళ్ళిపోయింది. మా అమ్మ వెళ్ళిపోయింది. మనింట్లోంచి ఒక్కరైనా ఖాయమని నేను అంటూనే ఉన్నా" అంది గర్వంగా. తర్వాత నెమ్మదిగా మంచం మీద కూర్చుంది. "మరి నేనో?"

నాన్న కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే వచ్చాడు. "బాత్రూములో చూశారా?"

"చూశాం. వీధి తలుపు గడియ వేసే ఉంది, పెరటి తలుపూ అంతే. డాబా తలుపో?"

"ఆరింటికి ట్యాంకు నిండాక నేనే లోపల్నించి గడియ పెట్టి దిగాను."

"అయితే ఇంకేం మిగిలిందిరా తమ్ముడూ? కప్పులోంచి పోవడమే."

"ముందు చుట్టుపక్కల వాళ్ళని అడుగుదాం వదినా" అంది అమ్మ.

"ఏమని? మా అత్తగారు ఎగిరిపోతుంటే చూశారా అనా?"

రేకుపెట్టె తెరిచారు. నాన్న ఉత్తరంలో ఇలా ఉంది: "నాయనా, ఊళ్ళో గడియారాలన్నిటికీ టైము పెట్టావు, నీ టైము చూసుకోలేదు. ఇప్పటికైనా మోకరించు. మోటారు కట్టెయ్యడం మర్చిపోకు." అమ్మకు రెండే ముక్కలు: "కోడలా, నీ మీద నాకు కోపం లేదు. నువ్వు కూరలో వేసే ఉప్పు సంగతి అక్కడ ఎవరికీ చెప్పను." మేనత్తది నాలుగు పేజీలు. మొదటి వాక్యం చదివి మడిచేసింది.

"ఏం రాశారు వదినా?"

"చేతిరాత బాగాలేదు, అర్థం కావట్లేదు" అంది మేనత్త.

క్లాసులో అందరికంటే చేతిరాత బాగుండేది చిన్నదానిదే. కానీ అప్పుడు దానికి రోషపడే తీరిక లేదు. పేరు లేని కవరు తీసి గౌను జేబులో దోపుకుంది. విప్పడానికి ధైర్యం చాల్లేదు.

మిగిలిన ఎనిమిది ఉత్తరాలూ బయటివాళ్ళవి. ఏడు అమ్మ గోడ మీదుగా అందించింది. ఎనిమిదోది పాస్టరుగారిది. మేనత్త ఆయనకు ఫోన్ చేసింది. ఆయన ఒక గుండీ తప్పించి చొక్కా తొడుక్కుని స్కూటరు మీద వచ్చి, వాకిట్లోనే నిలబడి ఉత్తరం విప్పాడు. "అయ్యగారూ, ఇది మీ చేతికి అందిందంటే మీరూ ఉండిపోయారన్నమాట. నాకు పెద్దగా ఆశ్చర్యం లేదు. మీ ప్రసంగాలు బాగా పొడుగు."

పాస్టరుగారు అరుగు మీద కూర్చుండిపోయాడు. "ఇది మీరంతా నమ్ముతున్నారా?"

"ఏ క్షణమైనా అని పోయిన ఆదివారం మీరే కదండీ చెప్పారు" అంది మేనత్త.

"చెప్పానమ్మా. ఈ వారమే అనుకోలేదు."

వెంటనే లేచి, వెతకండన్నాడు. మంచాల కింద తనే దూరి చూశాడు, బీరువా తెరిపించాడు. ఆవిడ దొరకడం ఇంట్లోవాళ్ళకన్నా ఆయనకే ఎక్కువ అవసరమని చూసేవాళ్ళకు తెలిసిపోతోంది.

ఎనిమిదిన్నరకల్లా వాకిలి నిండిపోయింది. ఉత్తరాల్లో ఎవరు ఏ వస్తువు తీసుకెళ్ళి ఇవ్వలేదో కూడా ఉంది. ఒకాయన గొడుగు తెచ్చాడు, ఒకావిడ నిచ్చెన మోయించుకొచ్చింది. పక్కింటి టీచరమ్మ కుక్కరు పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. పాస్టరుగారు అందరినీ మోకరించమన్నాడు. ఒకరి తర్వాత ఒకరు తప్పులు ఒప్పుకోవడం మొదలైంది.

"మన సంఘం హాల్లో గోడ గడియారాన్ని పది నిమిషాలు ముందుకు జరిపింది నేనే" అన్నాడు నాన్న. "ప్రసంగం తొందరగా అయిపోతుందని."

"అదా సంగతి" అన్నాడు పాస్టరుగారు.

మేనత్త లేచి మూలకు వెళ్ళి మొగుడికి ఫోన్ చేసింది. తప్పు తనదేననీ, వచ్చి తీసుకెళ్ళమనీ చెప్పింది. సాయంత్రానికల్లా వస్తానన్నాడాయన. అమ్మ గట్టిగా కృతజ్ఞతాస్తుతులు చెప్పింది. అవి ఎత్తబడడం గురించేనని అంతా అనుకున్నారు.

టీచరమ్మ కుక్కరు అరుగు మీద పెట్టింది. సరిగ్గా అప్పుడు పైనుంచి ఒక గొంతు వినపడింది.

"కుక్కరు తెచ్చావు, బాగానే ఉంది. విజిలేదీ?"

అందరూ సాష్టాంగపడిపోయారు. ప్రార్థనలో అలవాటు ప్రకారం కళ్ళు తెరిచి ఉన్నది చిన్నదొక్కతే. తలెత్తి చూసి అత్త చెంగు లాగింది. "నానమ్మ పైన ఉంది."

"పైనే ఉందని మాకు తెలుసే" అంది మేనత్త కళ్ళు విప్పకుండా.

"డాబా మీద" అంది చిన్నది.

నాన్న పరిగెత్తి గడియ తీశాడు. నానమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది.

"ఆ క్షణం వచ్చినప్పుడు చెప్పులు వెతుక్కుంటూ కూర్చుంటానా? అలవాటు చేసుకోవద్దూ? అందుకే ఏమీ లేకుండా మెట్లెక్కి చూద్దామని తెల్లారగట్టే వెళ్ళా. ట్యాంకు వెనక ప్రార్థనలో ఉంటే ఎవడో తలుపేశాడు."

"తట్టకపోయావా అమ్మా, ఆరింటి నుంచీ?" అన్నాడు నాన్న.

నానమ్మ కొంగు సర్దుకుంటూ చూపు పక్కకు తిప్పుకుంది. పాస్టరుగారి మొహంలో పొద్దున్నుంచీ లేని కళ వచ్చింది. "నిద్రపోయారా అమ్మగారూ?" అన్నాడు చాలా మెత్తగా.

"కళ్ళు మూసుకున్నానంతే."

"ఎంతసేపు?"

"మీ ప్రసంగమంతసేపు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అందరి చేతుల్లో ఉత్తరాలున్నాయి. "నాలుగు పేజీలమ్మా" అంది మేనత్త. నానమ్మ ఒక్కొక్కరి మొహంలోకీ చూసి, తల దించుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది. జనం ఒక్కొక్కరే కదిలారు. ఇంకా టైముంది కదా అని టీచరమ్మ కుక్కరు మళ్ళీ పట్టుకెళ్ళింది.

చిన్నది గదిలోకి వెళ్ళి కవరు చాపింది. "ఇది పంచలేదు నానమ్మా."

"చదివావా?"

"లేదు. నాదేనా?"

నానమ్మ కిటికీ వైపు తిరిగింది. "నువ్వే చదువు. నా జోడు కనపడ్డం లేదు." జోడు ఆవిడ చేతిలోనే ఉంది.

కవరులో బొటనవేలంతేసి వంకర అక్షరాలు. "ముసలిదానా, అందరికీ ఉత్తరాలు రాయించావు, చివరికి నువ్వూ ఉండిపోయావా? నోరు అదుపులో పెట్టుకోమంటే విన్నావు కాదు. ఏడవకు. మోకాళ్ళు వంగకపోతే మంచం మీదే ప్రార్థన చేసుకో. జోడు ఎక్కడ పెట్టావో గుర్తుంచుకో. వెతికివ్వడానికి చిన్నది ఉండదు. అది వెళ్ళిపోయి ఉంటుంది."

ఆఖరి వాక్యం చిన్నది రెండుసార్లు చదువుకుంది. "నేను ప్రార్థనలో కళ్ళు మూసుకోను కదా నానమ్మా."

"తెలుసు. ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి కదా" అంది నానమ్మ. పళ్ళసెట్టు పెట్టుకుని, గొంతు మామూలుగా చేసుకుంది. "ఎవరికైనా చెప్పావో, నీకూ ఒక ఉత్తరం రాయిస్తా. ఇక నడు."

భుజం పట్టి గుమ్మం దాటించి తలుపు వేసేసింది. లోపల గడియ పడింది. తలుపు బయట ఉండిపోయినందుకు ఆ రోజు నవ్వుకున్నది చిన్నదొక్కతే.