గ్యారంటీ బల్బు

"కరెంటు అంటే ఏమిటో తెలియని విద్యార్థి ఇకమీదట ఏ హైస్కూల్లోనూ కనిపించడు. సర్క్యూట్ అంటే ఏమిటో ప్రభుత్వమే పిల్లల చెయ్యి పట్టుకుని నేర్పుతుంది" అని విద్యామంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మైకు మూగబోయింది. మంత్రిగారు వెనక్కి తగ్గే మనిషి కాదు గనక చీకట్లోనే మిగతా ప్రసంగం పూర్తిచేశారు. ఒక్క ముక్క వినపడకపోయినా మర్నాడు పత్రికలన్నీ పూర్తి పాఠం వేశాయి. ప్రసంగం కాపీలు ముందే పంచి ఉంచారు.

ఆ వార్త చదివి అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు ఎలక్ట్రికల్ షాపు యజమాని. బజారులో ఆయన పేరు గ్యారంటీ. ఏ వస్తువు అమ్మినా "గ్యారంటీ" అంటాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆ గ్యారంటీ షాపు మెట్లు దిగేదాకానే అని కొన్నవాళ్లకి తర్వాత తెలుస్తుంది. సరుకు రెండు రకాలనేది ఆయన లెక్క. వాడుకునేది ఒకటి, చూపించేది ఒకటి. వాడుకునే సరుకు కొనేవాడు పది ప్రశ్నలు వేసి, నాలుగు షాపులు తిరిగి, చివరికి వైరు ముక్క ఒకటి కొంటాడు. చూపించే సరుకు కొనేవాడు ఒక్క ప్రశ్నా వేయడు. అందుకే షాపులో వెనక అర మొత్తం ప్రారంభోత్సవాల సామాను: ఎర్ర బొత్తాలు, బంగారు రంగు కత్తెరలు, వెల్వెట్ తెరలు.

ఆయనకి ఒక్కతే కూతురు, పదో తరగతి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతానని ఆ పిల్ల పట్టు. ఆ సీటు రావాలంటే ఫిజిక్స్ ప్రాక్టికల్ గట్టెక్కాలి. "చదివించండి, మన షాపుకి ఇంజనీరు వస్తుంది" అని భార్య కూడా పోరుతోంది. గ్యారంటీకీ అది లాభసాటిగానే తోచింది.

ఆ వారంలోనే ఆ పథకం చూసే ప్రాజెక్టు ఆఫీసరు షాపుకొచ్చాడు.

"ఏవయ్యా గ్యారంటీ, నీకో పెద్ద పని. మంత్రిగారు స్వయంగా స్విచ్ నొక్కి పథకం ప్రారంభిస్తారు. మీ అమ్మాయి చదివే స్కూల్లోనే."

"అంతకంటేనా సార్! ఎలాంటి బల్బు కావాలి?"

"వెలిగేది."

"అన్నీ వెలిగేవే సార్."

"నీకు తెలీదు. నాకు ముందున్న ఆఫీసరు మంచినీళ్ల కుళాయి పెట్టించాడు. మంత్రిగారు తిప్పారు. దగ్గింది. నీళ్లు రాలేదు. ఇప్పుడాయన పాత పుస్తకాల గోడౌన్లో ఎలుకలకి ఇన్‌ఛార్జి. బల్బు వెలక్కపోతే ఆయన పక్కన ఇంకో కుర్చీ వేస్తారు."

గ్యారంటీ కళ్లు వెనక అర మీదకి వెళ్లాయి.

"సార్, ఇందులో మొరాయించేది బల్బు కాదు, స్విచ్. కాబట్టి స్విచ్‌ని నమ్ముకోవద్దు. బల్బు వైర్లు నేరుగా ప్లగ్గుకి కలిపేస్తాను. ముందునుంచే వెలుగుతూ ఉంటుంది. పైన వెల్వెట్ కప్పుతాం. మంత్రిగారు స్విచ్ నొక్కగానే వెనకనుంచి నేను గుడ్డ లాగేస్తాను."

"మరి స్విచ్?"

"అందంగా ఉంటుంది సార్."

ఆఫీసరు కళ్లు చెమర్చాయి. "ఇది గనక నెగ్గితే, అన్ని హైస్కూళ్లకీ ఇలాంటి బల్బు, స్విచ్ బోర్డుల ఆర్డరు నీదే" అన్నాడు.

రిహార్సల్‌కి ఫిజిక్స్ టీచరమ్మ తన పిల్లలు చేసిన సర్క్యూట్లు బల్ల మీద పేర్చింది. బ్యాటరీలు, చిన్న బల్బులు, అట్టముక్కకి గుచ్చిన క్లిప్పులతో స్విచ్‌లు. అన్నీ వెలుగుతున్నాయి, ఆపితే ఆరుతున్నాయి. ఆఫీసరు ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా?"

"సిరీస్ సర్క్యూట్ సార్. ఒక్క బల్బు తీసేస్తే అన్నీ ఆరిపోతాయి."

"ఒకరు పోతే అందరూ పోతారా? కేబినెట్ విస్తరణ ముందు ఇలాంటివా చూపించేది? తీసెయ్యండి."

"ఇది పారలల్ సార్. ఒకటి పోయినా మిగతావి వెలుగుతాయి."

"ఇది ఉంచండి. ఈ బ్యాటరీ మీద మైనస్ ఏంటి, మంత్రిగారికి ఎదురుగా? రెండువైపులా ప్లస్ పెట్టించండి."

"రెండూ ప్లస్సైతే కరెంటు పోదు సార్."

"పోకూడదనే కదమ్మా మనం ఇంత కష్టపడుతోంది!"

పక్కనే వైరు చుడుతున్న గ్యారంటీ కూతురు ఫక్కున నవ్వింది. గ్యారంటీ కూతురి వైపు ఉరిమి చూశాడు.

ప్రారంభోత్సవం ఘనంగా మొదలైంది. కెమెరాలకి బాగా కనపడాలని ఆఫీసరు పాతకాలపు గుండు బల్బు పెట్టించాడు. గుమ్మడికాయంత ఉంది. వెల్వెట్ కింద అది బుద్ధిగా వెలుగుతోంది. మంత్రిగారు విద్యుత్తు పుట్టుక గురించి మొదలుపెట్టి తమ పుట్టుక గురించి చెబుతున్నారు. వేదిక తెర వెనక, గుడ్డకి కట్టిన దారం పట్టుకుని కూర్చున్న గ్యారంటీకి ముందు వేడి తగిలింది, తర్వాత వాసన తగిలింది.

"సార్, గుడ్డ కమురుతోంది" అన్నాడు ఆఫీసరుతో గుసగుసగా.

"ఇంకెంతసేపు ఆగుతుంది?"

"గుడ్డకి గ్యారంటీ లేదు సార్."

వేదిక మీద పొగ సన్నగా లేచింది. మంత్రిగారు ముక్కు ఎగబీల్చి, "ఏదో మార్పు వస్తోందని మీకూ తెలుస్తోంది కదూ" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో ఆయన స్విచ్ నొక్కారు. గ్యారంటీ దారం లాగాడు. నడిమధ్య పెద్ద కన్నం పడిన వెల్వెట్ ఎగిరిపోయింది. బల్బు దేదీప్యమానంగా వెలిగింది. ఆఫీసరు కుర్చీలో కూలబడి దండం పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగితే సరిపోయేది. మంత్రిగారికి పిల్లలంటే ప్రేమ. ముందు వరసలో ఉన్న గ్యారంటీ కూతుర్ని పిలిచి, "ఏం నేర్చుకున్నావు తల్లీ?" అని అడిగారు.

"స్విచ్ ఆపితే సర్క్యూట్ తెగుతుంది సార్. బల్బు ఆరిపోతుంది."

"శభాష్" అని మంత్రిగారు స్విచ్ ఆపారు.

బల్బు వెలుగుతూనే ఉంది.

మళ్లీ నొక్కారు, మళ్లీ ఆపారు. బల్బు చలించలేదు. ఆఫీసరు కళ్లముందు ఎలుకలు తిరిగాయి. తెర వెనక గ్యారంటీ దారం చివర నములుతున్నాడు.

అప్పుడు మంత్రిగారు మైకు అందుకున్నారు. గొప్ప నాయకుడికీ మనలాంటివాళ్లకీ తేడా అక్కడే తెలుస్తుంది.

"చూశారా! మా ప్రభుత్వం వెలిగించిన దీపాన్ని ఆర్పడం ఎవరివల్లా కాదు. చివరికి నా వల్ల కూడా కాదు!"

కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు మోగాయి. మర్నాడు ప్రతి పత్రిక మొదటి పేజీలోనూ ఆ మాటా, ఆ బల్బూ. ఆఫీసరుకి ప్రమోషన్ వచ్చింది. గ్యారంటీకి ఆర్డరు వచ్చింది, అదే నమూనా, ఒక్క వైరు కూడా మార్చరాదన్న షరతుతో. గుడ్డ మాత్రం అక్కర్లేదన్నారు. హైస్కూళ్లకి సర్క్యులర్ కూడా వెళ్లింది. స్విచ్ ఆపినప్పుడు బల్బు వెలుగుతూనే ఉంటుందని, పాఠం ఆ మేరకు సవరించుకోవాలని, ప్రాక్టికల్ పరీక్ష ఆ బోర్డు మీదే పెట్టాలని.

పరీక్ష అయింది. గ్యారంటీ కూతురు తప్పింది.

గ్యారంటీ నిప్పులు కక్కుతూ కూతుర్ని వెంటబెట్టుకుని స్కూలుకి వెళ్లాడు. ల్యాబులో బల్ల మీద ఆయన షాపు పేరున్న బోర్డు, దాని మీద వెలుగుతున్న బల్బు, దాని వెనక టీచరమ్మ.

"మీ అమ్మాయి ఏం రాసిందో చదవమంటారా?" అంది టీచరమ్మ. "స్విచ్ ఆపితే బల్బు ఆరాలి. ఆరలేదు. ఎందుకంటే ఈ స్విచ్‌కి వైరు కలపలేదు. బోర్డు తప్పు."

"మరి... కరెక్టే కదండీ?"

"కరెక్టే. కానీ సర్క్యులర్ ప్రకారం సున్నా. బోర్డు తప్పని నేనంటే పైవాళ్లు వినరు, అమ్మినవాళ్లు మీరు. వైరు కలపలేదని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి. ఈ సాయంత్రమే మార్కులు మారతాయి. అమ్మాయికి సీటు కూడా వస్తుంది."

కాగితం, కలం ముందుకు జరిపింది. కూతురు తండ్రి మొహంలోకి చూసింది.

గ్యారంటీ కలం తీసుకున్నాడు. ఆయన కళ్లముందు అన్ని హైస్కూళ్లూ, అన్ని బల్లలూ, అన్ని బోర్డులూ వరసగా కదిలాయి. ఒకవైపు అవన్నీ, ఒకవైపు ఒక్క పిల్ల. పిల్లకి వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష పెడతారు. బోర్డులకి మళ్లీ ఆర్డరు పెట్టరు. కలం మూత బిగించి, కాగితం పక్కన జాగ్రత్తగా పెట్టాడు.

"దీనికి మొదట్నుంచీ చదువు మీద ధ్యాస లేదండీ టీచరుగారూ" అన్నాడు.

ఆ పిల్ల తిన్నగా గోడ దగ్గరకి నడిచి, బోర్డు ప్లగ్గు ఊడబెరికింది.

బల్బు ఆరిపోయింది.

"కరెంటు పోయినట్టుంది, ఎవరూ కంగారు పడొద్దు!" అని గుమ్మంలోంచి హెడ్మాస్టరుగారు కేకేశారు.

"అవునండీ, పోయింది" అన్నాడు గ్యారంటీ, తలమీద గిర్రున తిరుగుతున్న ఫ్యాను గాలికి ఎగిరిపోతున్న కాగితాన్ని రెండు చేతులా అదిమిపట్టుకుని.