బావి చుట్టూ మామగారు

ఆవకాయ కలిపే రోజు ఆ ఇంట్లో కాఫీలు పొద్దున్నే అయిపోవాలి. జ్ఞానప్రసూనాంబ గారు ఒకసారి మడి కట్టుకున్నారంటే, జాడీకి వాసెన కట్టేదాకా ఆవిడని ఎవరూ ముట్టుకోకూడదు, తడి చెయ్యి ఆ దరిదాపులకి రాకూడదు, గాలి కూడా వీలైతే అడిగి వీచాలి.

ఆ ఏడు మరీ పట్టుదలగా ఉన్నారావిడ. కిందటి వేసవిలో సరిగ్గా ముక్కలు కలుపుతుండగా, భర్త ఉమాపతి గారు స్నానం చేసి "నా కళ్ళజోడేదీ?" అంటూ వచ్చారు. భుజమ్మీది తడి తువ్వాలు అంచు ఆవిడకి తగిలింది, ఒక చుక్క బేసిన్‌లో పడింది. ఒక్క చుక్కేగా అన్నారాయన. నెల తిరక్కుండా జాడీలో దూదిలాంటి బూజు పట్టింది. సంగతి తెలిసి, ఉమాపతి గారి అక్కగారు తులసమ్మ చింతలపూడి నుంచి ఒక జాడీ పంపింది. చుట్టూ మామిడి తోటలున్న నూజివీడులో కాపురం ఉంటూ, ఏడాది పొడుగునా ఆడపడుచు ఆవకాయ తినడం, ఆవిడ వచ్చినప్పుడల్లా "ఎలా ఉంది జ్ఞానం, మా ఆవకాయ?" అని అడగడం, "బావుంది వదినగారూ" అని చెప్పాల్సి రావడం. నిజంగానే బావుండటం అన్నిటికన్నా పెద్ద కష్టం.

ఈసారి తులసమ్మ గారు స్వయంగా వస్తానని కబురు పెట్టింది. ఉప్పు తను చూసి చెబుతుందట. బేసిన్‌లో వేలు పెట్టి చూడటం ఆవిడ పద్ధతి.

"ఈ ఏడు కూడా చెడిందంటే, నేనింక ఆవకాయ జోలికి పోను" అని జ్ఞానప్రసూనాంబ గారు కాఫీల దగ్గర ప్రకటించారు.

అల్లుడు భానుమూర్తి గ్లాసు కింద పెట్టాడు. అతను హైదరాబాదులో, బేగంపేట విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో పనిచేస్తాడు. సెలవు మీద వచ్చి నాలుగు రోజులైంది. ఏడాదంతా విమానాలు ఒకదానికొకటి తగలకుండా చూసే మనిషి, ఇక్కడ ఏదీ దేనికీ తగలకుండా చూసే పనిలేక రసాలు తిని నిద్రపోతున్నాడు.

"అత్తయ్యగారూ, మడి అంటే ఏంటండీ? సెపరేషనే కదా! ఈ ఒక్క పూటా ఇల్లు నాకు అప్పగించండి."

"విమానాలకి కూడా ఆచారం ఉంటుందా?"

"ఆచారం తప్ప ఇంకేం ఉండదండీ. ఒకే ఎత్తులో, ఒకే దారిలో రెండు పోతుంటే మధ్య పది నిమిషాల ఎడం ఉండాలి. ఒకదాని మీదుగా ఇంకోటి పోవాలంటే వెయ్యి అడుగుల ఎత్తు తేడా. రన్‌వే మీద ఒకటుంటే రెండోది దిగడానికి వీల్లేదు."

"ఒకవేళ తగిలితే? స్నానం చేస్తాయా?"

భానుమూర్తి కాసేపు ఆలోచించి, "ఆ అవసరం ఉండదండీ" అన్నాడు.

జవాబు ఆవిడకి నచ్చింది. అల్లుడు అడిగితే కాదనే అలవాటు కూడా ఆ ఇంట్లో లేదు.

భానుమూర్తి మేడమెట్ల మలుపులో కుర్చీ వేయించుకున్నాడు. అక్కణ్ణుంచి ఇంట్లో ఏదీ కనపడదు, అన్నీ వినపడతాయి. అతని భార్య హైమవతి ఆ మాటే అడిగింది.

"ఏవండీ, పెరట్లోనే కూర్చుంటే అమ్మ కనపడుతుందిగా?"

"చూసి నడిపించడానికి నేను ట్రాఫిక్ పోలీసునా? మబ్బుల్లో ఉన్న విమానాలు మాకు కనపడతాయనుకున్నావా? ఎక్కడున్నారో వాళ్ళు చెప్పాలి, మేం నమ్మాలి. అందరూ ఎక్కడున్నారో కేకేసి చెప్పండి. నేను సరేనన్నాకే కదలండి."

టవర్‌లో విమానానికో చీటీ ఉన్నట్టే, పాత శుభలేఖలు చీరి మనిషికో చీటీ రాసుకున్నాడు. హైమవతిని వడియాలు పెట్టడానికి డాబా మీదికి పంపాడు. "నువ్వు పైన, అత్తయ్యగారు కింద. విమానాలకైతే వెయ్యి అడుగులు కావాలి గాని, మనకి డాబా ఎత్తు చాలు."

పని నిజంగానే సాఫీగా మొదలైంది. మామిడికాయలు కొట్టే యలమంద తెల్లారకముందే వచ్చి ముక్కలు చేసి వెళ్ళిపోయాడు. జ్ఞానప్రసూనాంబ గారు మడిబట్ట కట్టుకుని, "వంటింటి గుమ్మం. కారం డబ్బాతో పెరటి వసారాకి" అన్నారు. "వెళ్ళండి" అన్నాడు అల్లుడు. "పెరటి వసారా. ముక్కలు తుడుస్తున్నాను" అన్నారు. ఇంత క్రమశిక్షణ గల పైలట్‌ని తన సర్వీసులో చూడలేదనుకున్నాడు భానుమూర్తి.

చిక్కు ఉమాపతి గారి దగ్గర వచ్చింది. ఆయన బావి దగ్గర స్నానం చేసి, విభూతి పెట్టుకుని, తడి తువ్వాలు భుజాన వేసుకుని, "బావి దగ్గర. రెండో కాఫీకి వంటింట్లోకి" అని కేక పెట్టారు. బావి వీధివైపు దొడ్లో ఉంది. అదే సమయానికి, ఆవపిండి కోసం వంటింట్లోకి వస్తున్నానని అటు నుంచి అత్తగారి కేక వినిపించింది. కిందటేడు ప్రమాదం జరిగింది ఇలాగే.

"మామయ్యగారూ, మీరు బావి దగ్గరే హోల్డ్ చెయ్యండి!"

"అంటే?"

"నేను పిలిచేదాకా అక్కడే ఉండాలి. కానీ విమానం గాల్లో నిలబడలేదు కదండీ. అందుకని గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది."

"నిలబడగలను నేను."

"రూల్ రూలేనండీ."

ఉమాపతి గారు ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారుగా చేసినవారు. రూల్ అన్నాక ఆయన వాదించరు. "ఎటు తిరగాలి?" అని మాత్రం అడిగారు.

"కుడివైపుకి. మలుపు మలుపుకీ ఎక్కడున్నారో చెబుతుండాలి. నాతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు."

ఎడమవైపు అని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

పక్కింటి వెంకటరత్నమ్మ ప్రహరీ మీంచి చూసేసరికి, ఉమాపతి గారు తడి తువ్వాలుతో, నుదుట విభూతితో బావికి ప్రదక్షిణం చేస్తున్నారు. "తూర్పు... దక్షిణం..." అని పెదాలు కదుపుతున్నారు. పైగా అది శుక్రవారం.

"అన్నయ్యగారూ, ఏంటండీ ఇది?"

ఆయన పెదాల మీద వేలు పెట్టుకుని, ఆ వేలితోనే పైకి, అల్లుడు కూర్చున్న మేడ వైపు చూపించారు. వెంకటరత్నమ్మకి మేడ కనపడలేదు, ఆకాశం కనపడింది. లెంపలు వేసుకుంటూ వచ్చి బావిలోకి తొంగి చూసింది. పోయిన వారం జారిపడిన ఇత్తడి చెంబు అడుగున పచ్చగా మెరుస్తోంది.

"అమ్మవారు!" అంది.

కబురు పెద్ద బజారు చేరేసరికి అమ్మవారికి ముక్కుపుడక వచ్చింది. అవతలి వీధికి వెళ్ళేసరికి నాలుగు చేతులు వచ్చాయి. కాసేపట్లో పసుపు, కుంకుమ, కొబ్బరికాయలతో ఆడవాళ్ళు దొడ్లోకి వచ్చి ఉమాపతి గారి వెనకాల తిరగడం మొదలుపెట్టారు. ఆయన ఆగబోతే, వెనకనుంచి "ఆపకండి మాస్టారూ, మొక్కు చెడుతుంది" అన్నారు. ఆయన ఆపలేదు. అల్లుడూ పిలవలేదు.

అల్లుడికి తీరిక లేదు. చీటీలు లేని గొంతులు వినపడుతున్నాయి.

"ఎవరది? ఎక్కడున్నారో చెప్పండి!"

"బావి దగ్గరే బాబూ, ఇంకెక్కడుంటాం?" అని ముప్ఫై మంది ఒకేసారి చెప్పారు.

భానుమూర్తి చీటీలు పట్టుకుని కిందికి పరిగెత్తాడు. ఒకే ఎత్తులో, ఒకే దారిలో, మనిషికీ మనిషికీ మధ్య జానెడు ఎడం కూడా లేకుండా తిరుగుతున్న ఆ జనాన్ని చూసి అతను రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అమ్మా, పది నిమిషాల ఎడం ఉండాలండీ! ఒకళ్ళు ఒక చుట్టు పూర్తి చేశాకే..."

"పంతులుగారి అల్లుడు టోకెన్లు ఇస్తున్నాడే!" అని ఎవరో అతని చేతిలో చీటీ లాక్కున్నారు. దాంతో మిగతావాళ్ళు అతని చుట్టూ మూగారు. చేతిలో కాగితాలన్నీ పోయాయి. జ్ఞానప్రసూనాంబ గారి చీటీ ఎవరో కళ్ళకద్దుకుని రవికలో దాచుకున్నారు.

టపాటపా కొబ్బరికాయలు పగిలాయి. నీళ్ళు గచ్చు మీద పారుతున్నాయి. నీళ్ళు! ఇందాకటి నుంచి అత్తగారి కేక వినపడలేదని భానుమూర్తికి అప్పుడే గుర్తొచ్చింది.

"అత్తయ్యగారూ! ఎక్కడున్నారు?"

జవాబు లేదు.

"అత్తయ్యగారూ, వినపడుతోందా?"

విమానం రెండుసార్లు పలక్కపోతే ఏమనుకోవాలో అతనికి బాగా తెలుసు. హైమవతి డాబా మీంచి, "ఏవండీ, అదుగో అత్తయ్య! తులసమ్మత్తయ్య గేటు దాటి లోపలికి వచ్చేసింది!" అని అరిచింది. ఎక్కడుందో ఎక్కడికి పోతుందో చెప్పకుండా, ఉప్పు చూసే వేలితో సహా, తులసమ్మ దిగిపోయింది.

భానుమూర్తి తను పెట్టిన రూల్సన్నీ దాటుకుంటూ పెరటి వసారాలోకి పడ్డాడు. తుడిచినవి ఆరబోసే పాతచీర మీద ముక్కలు లేవు. ఒక్కటి కూడా లేదు. ప్రసాదమనుకుని పంచేశారన్నమాట. అత్తగారు మళ్ళీ ఏడాదంతా "బావుంది వదినగారూ" అనాలి, తన మూలంగా.

"అల్లుడుగారూ, అక్కడే ఆగండి."

మూల నీడలో జ్ఞానప్రసూనాంబ గారు నిలబడి ఉన్నారు. ఆవిడ పక్కన రెండు జాడీలు, వాటి మూతులకి తెల్లటి వాసెనలు బిగించి ఉన్నాయి.

"అయిపోయిందా అండీ?"

"నా పెళ్ళయినప్పటి నుంచి కలుపుతున్నాను. కళ్ళజోడని గాని, కాఫీ అని గాని, ఉప్పు చూస్తానని గాని ఒక్కరూ ఇటు రాకుండా కలిపింది ఈ రోజే" అన్నారావిడ తృప్తిగా.

"మరి పిలిస్తే పలకలేదేంటండీ?"

"కలిపేటప్పుడు నోరు తెరిస్తే తుంపర పడదూ?"

ఇంతలో తులసమ్మ గారు వచ్చింది. ఎప్పుడూ తిన్నగా వచ్చి బేసిన్‌లో వేలు పెట్టే మనిషి, గుమ్మం అవతలే చెప్పులు విడిచి చేతులు జోడించింది. నుదుట రూపాయంత కుంకుమ ఉంది.

"జ్ఞానం, ఎంత అదృష్టవంతురాలివే! అమ్మవారు వెలిసిన పూట, ఆవిడ వెలిసిన ఇంట్లో కలిపిన ఆవకాయ! నాకో జాడీ ఇవ్వాలి. మా ఇంట్లో ఈ ఏడు ఇదే తింటాం, ఇంకోటి కలపను."

"అది కాదు పిన్నిగారూ, ఆ బావిలో ఉన్నది..." అని భానుమూర్తి నోరు తెరిచాడు. అత్తగారు అతని వైపు చూశారు. బేగంపేటలో ఏ సీనియర్ అధికారీ అతన్ని అలా చూడలేదు.

"తప్పకుండా వదినగారూ" అన్నారు జ్ఞానప్రసూనాంబ గారు. "తిన్నాక ఎలా ఉందో మాత్రం చెప్పాలి."

తులసమ్మ గారు మళ్ళీ బావి వైపు వెళ్ళగానే భానుమూర్తి గొంతు తగ్గించి అడిగాడు. "మామయ్యగారు ఇంకా తిరుగుతూనే ఉన్నారండీ. ఇంక లోపలికి రమ్మననా?"

"ఇప్పుడే వద్దు. మా వదినగారు జాడీ పుచ్చుకుని బస్సెక్కేదాకా తిరగనివ్వండి" అన్నారావిడ.

ఆ రోజు చింతలపూడి బస్సు గంటన్నర లేటు.