ఎనిమిది విమానాల కొక్కెం

“శత్రువు రెప్ప వేసేలోగా మన ఎనిమిది విమానాలూ ఆకాశంలో ఉంటాయి!” అని ప్రకటించారు కమాండరుగారు.

ఓడ కడుపులో విమానాలు నిలిపే పెద్ద షెడ్డు అది. పెద్దాఫీసరుగారు తనిఖీకి వచ్చిన రోజు కదా, నిండుగా కనబడాలని పైలట్ల కుటుంబాలనూ పిలిచారు. వాళ్లలో మూడో విమానం పైలట్ భార్య, చంకలో పాపతో, విమానాల తోకలకేసే చూస్తోంది.

ఆమె బెంగంతా కొక్కెం మీదే. ఓడ మీద దిగే విమానం, తోక కింది కొక్కెంతో అడ్డంగా కట్టిన తాడును పట్టుకుని ఆగాలి. పట్టు దొరక్కపోతే ముందున్నది సముద్రమే! రేపు ఓడ బయల్దేరగానే ఆయన ఎగరాలి.

పెద్దాఫీసరు మొదటి విమానం కొక్కేన్ని ఊపి చూసి, “భేష్!” అన్నారు. వెంటనే కమాండరుగారు ఆయన్ని టీ బల్ల వైపు తిప్పారు. ఆయన టీ ఊదుకుంటుండగా ఇద్దరు మెకానిక్కులు ఆ కొక్కేన్నే ఊడదీసి, దుప్పటి కప్పి, పురిటి బిడ్డను మోసినంత భద్రంగా మోసుకెళ్లి రెండోదానికి బిగించారు. “భేష్!” మళ్లీ టీ.

ఆమె పక్కనే ఉన్న హెడ్ మెకానిక్‌ను పట్టుకుంది.

“అన్నయ్యగారూ, అన్నిటికీ అదొక్కటేనా?”

“మెల్లగా అమ్మా! మిగతావి పగుళ్లిచ్చాయి. కొత్తవి వస్తున్నాయి.”

“ఎప్పట్నుంచి?”

“మీ పాప కడుపులో ఉన్నప్పట్నుంచి.”

ఎనిమిదో టీ అయ్యేసరికి పెద్దాఫీసరు పొంగిపోయారు. “నూటికి నూరు! కమాండర్, అన్నీ రెండు సీట్లవే కదా, రేపు మీరే ఒకదాంట్లో కూర్చుని దళాన్ని నడిపించండి!”

కమాండరుగారు హెడ్ మెకానిక్‌ను పక్కకి లాగారు.

“ఆ కొక్కెం ఇప్పుడు దేనికుందయ్యా?”

“మీరు దేన్ని ఎక్కుతారో సెలవివ్వండి సార్. దానికే ఉంటుంది.”

ఈ మాట ఆమె చెవినే కాదు, పక్కనున్న ఆడవాళ్ల చెవినా పడింది. ఇక సిగ్గేమిటి!

“సార్, మా ఆయన వెనక కూర్చోండి! కుదుపు లేకుండా నడుపుతారు!”

“ఏమ్మా, మా అబ్బాయి నడపలేడా?” అని ఐదో విమానం తల్లి దూసుకొచ్చింది. “మా అల్లుడికి మీరంటే ప్రాణం సార్!” అంది ఏడో విమానం అత్తగారు. క్షణంలో కమాండరుగారి చుట్టూ ఊపిరాడనంత గుంపు.

“ఆహా, ఎంత అభిమానం!” అని పెద్దాఫీసరు కళ్లు తుడుచుకున్నారు.

కమాండరుగారు గొంతు సవరించుకున్నారు. “మన విమానాలు సంపూర్ణ సన్నద్ధంగా ఉన్నాయి. ఇంత సన్నద్ధంగా ఉన్నవాటిని ఎగరేసి పాడుచేయడం దేశానికే నష్టం. కాబట్టి రేపు ఎగరడం లేదు!”

ఆమె పాపను గట్టిగా హత్తుకుని, ఆశగా అడిగింది.

“ఎల్లుండి కూడా ఇంతే సన్నద్ధంగా ఉంటాయా సార్?”