గుమ్మడికాయ విన్న పాఠం

మా ఆయన విఘ్నేశ్వరన్ బయట అరవం, ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. తెలుగు ఆయనకు బీరువా లాంటిది. బయట అనకూడని మాటలన్నీ అందులో పెట్టి తాళం వేస్తాడు. మా కోవిల్‌పట్టి వీధి దాటితే ఆ తాళంచెవి ఎవరి దగ్గరా లేదని ధీమా.

ఆయన విరుదునగరంలో ఒక పాలిటెక్నిక్‌లో తాత్కాలిక మాస్టారు. ఉద్యోగం ఖాయం చేసే కాగితం ప్రిన్సిపల్ నాగరాజన్ గారి బల్లమీద పడి ఉంది. అది కదిలితేనే మా పాప సంగవిని మంచి బడిలో వేయగలం. అందుకే ఆ పేరు వింటే నాకు గుండెదడ. మా ఆయన మాత్రం ఇంట్లో ఆ పెద్దమనిషిని గుమ్మడికాయ అంటాడు.

ఓ ఆదివారం తన విద్యార్థుల ఆన్‌లైన్ తరగతిలో వేడి గురించిన పాఠం పెట్టాలి. ఆ సాయంత్రమే హాకీ ఫైనల్. మా ఆయన ఉపాయం పన్నాడు. వంటింట్లో నిలబడి గబగబా చెప్పేస్తాడు, నేను ఫోనులో వీడియో తీసి పెట్టేయాలి.

ఊపిరి తీసుకోకుండా అరవంలో చెప్పాడు. నాకు అరవం వచ్చినా ఆ వేగానికి పాఠం ముక్క అర్థం కాలేదు. నోరు ఊరుకోక తెలుగులో అడిగేశాను.

"మామా, పెనం కాలతాది గదా, దాని కొయ్య పిడి ఎందుకు కాలదు?"

"కొయ్య వేడిని సులువుగా పోనీదు బృందా. మా ప్రిన్సిపల్ గుమ్మడికాయ మాదిరి. ఈ పక్క ఇచ్చిన కాగితం ఆ పక్కకి పోనే పోదు."

ఇద్దరం నవ్వాం. పాపా నవ్వింది. ఫోను అంతా వింది.

ఆ ముక్క కోసేద్దామన్నాను. కోస్తూ కూర్చుంటే తొలి గోలు పోతుందన్నాడు.

"విరుదునగరం పిల్లకాయలకి తెలుగు ఏం తెలుసు? ఏదో మంత్రం అనుకుంటారు. పెట్టేయి," అని ఫోను నాకే వదిలి వెళ్ళిపోయాడు.

భయపడుతూనే నొక్కాను.

పొయ్యిమీద పాలు పెట్టేలోగా జవాబులు మొదలయ్యాయి. పరమేశ్వరి అనే విద్యార్థిని అరవ అక్షరాల్లో ఏదో రాసింది. చదివితే తెలుగు. "అక్కా, పెనం సంగతి తెలిసింది. గుమ్మడికాయ సంగతీ తెలిసింది." దాని కింద ఇంకొకరు, ఆ కింద మరొకరు. తీసేద్దామంటే మా ఆయన నాకు పెట్టడమే నేర్పాడు, తీయడం నేర్పలేదు. పాలు పొంగిపోయాయి.

గెలిచిన జట్టులా మా ఆయన ఇంట్లో అడుగు పెట్టేసరికి ఫోను మోగింది. ఆయన వణక్కం అన్నాడు. అవతలి గొంతు తెలుగులో పలికింది.

"గుమ్మడికాయను మాట్లాడతా ఉండా, అబ్బయా."

మా ఆయన గోడకు అతుక్కుపోయాడు. నేను పాపను ఎత్తుకున్నాను. దాని బడి తలుపులు నా కళ్ళముందే మూసుకుపోయాయి.

నాగరాజన్ గారు తిట్టలేదు. తరగతిలో పెట్టే ప్రతి పాఠం తామూ చూస్తామని, తమది మా ఊరి దగ్గరే కడంబూరు పక్క పల్లె అని, తమ ఇంట్లోనూ తెలుగే అని అన్నారు. అరవంలో చెప్పిందంతా పిల్లలు దాటేసి, పెనం ముక్కే మళ్ళీమళ్ళీ చూశారట. తెలుగు రానివాళ్ళకు వచ్చినవాళ్ళు విడమరిచి చెప్పారట.

"ఇకమీద ప్రతి పాటంలోనూ మీ ఇంటామె అడగాల, నువ్వు జవాబు చెప్పాల. ఆమె సందేహాలన్నీ తీరినాక నీ కాగితం కదిలిస్తా."

ఫోను పెట్టాక మా ఆయన నాకు కుర్చీ జరిపాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"బృందా, నీకు సందేహాలు ఎన్ని ఉండాయి?" అని మెల్లగా అడిగాడు.

నన్ను తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించారు. అడగకుండా మిగిలిపోయినవి చాలా ఉన్నాయి. సంగవిని బడిలో వేయడానికి ఇంకా ఏడాది టైముంది.

"ఆరో తరగతి నుంచి మొదలుపెట్టేదా మామా, అంతకు ముందు నుంచా?" అన్నాను.