సముద్ర వస్త్ర సంఘం

సముద్రం ముందు మనుషులంతా ఒకటేనని ఇన్నాళ్ళూ నమ్మినవాళ్ళు దయచేసి ఆ అభిప్రాయం మార్చుకోవాలి. సముద్రం ముందు మనుషులు మూడు రకాలు: బట్టలు మంజూరైనవారు, మంజూరు కావలసినవారు, ఆధారితులు. ఈ విభజన నేను చేసింది కాదు. హైటెక్ సిటీలో మా మనుమరాలు వాసంతి పనిచేసే కంపెనీ చేసింది. నేను మూడో రకం.

సంగతేమంటే, రెండు వేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయట. వాటికి గుర్తుచేయడం వీళ్ళ పని. గుర్తుచేసి చేసి అలసిపోయారు గనుక, మే నెలలో అందరినీ ఇంటివాళ్ళతో సహా విశాఖపట్నం సముద్రానికి తీసుకుపోతామన్నారు. (మా పెళ్ళినాడు ఎవరెవరు అలిగారో, ఏ ఏడు మా మేక ఎవరి చేలో పడిందో నాకు అన్నీ గుర్తే. దానికి నన్నెవరూ ఏ సముద్రానికీ తీసుకుపోలేదు.)

నాకు ఈ ప్రయాణం ఎందుకు కావాలో చెప్పాలి. నానక్‌రామ్‌గూడలో మా పక్కింటి అంజమ్మ, నాకు వరుసకు ఆడబిడ్డ, ఎప్పుడో పూరీకి పోయి సముద్రం చూసివచ్చింది. అప్పటి నుంచి ఆమెతో మాట్లాడటం కష్టమైపోయింది. చెరువు నిండిందంటే నవ్వుతుంది. కూరలో ఉప్పెక్కువైందంటే "గిదేం ఉప్పు వదినా" అంటుంది. సముద్రం ఎట్లుంటదే అని అడిగితే మాత్రం ఒకటే జవాబు.

"చూడనోళ్ళకు చెప్తే సమజ్ గాదు వదినా. ఇడిసిపెట్టు."

ఒక్కసారి పోయి చూసివస్తే ఆ నోరు మూతపడుతుంది. నా కోరిక అంతవరకే.

అయితే కంపెనీ ఎవరినీ ఊరికే సముద్రం చూడనివ్వదు. ఒడ్డున అందరూ సొగసుగా కనబడాలి, ఆ ఫోటో అమెరికా దొరలకు పంపాలి. అందుకోసం సముద్ర వస్త్ర సంఘమని ఒకటి పెట్టారు. దానికి అధ్యక్షుడు సుబ్రహ్మణ్యం. కాకినాడ మనిషి, సముద్రం పక్కనే పుట్టాడు కాబట్టి ఆయనకు ఆ పదవి. (ఎప్పుడైనా మునిగినవా బిడ్డా అని అడిగాను. జలుబు చేస్తుందండి అన్నాడు.)

సంఘం నియమాలు చేసింది. పెద్ద పూల చొక్కా మేనేజర్లకు, చిన్న పూలది కొత్తగా చేరినవాళ్ళకు. గడ్డిటోపీ అంచు హోదాను బట్టి వెడల్పు. నల్ల కళ్ళద్దాలు అందరికీ తప్పనిసరి, పై అధికారి ఎదురైతే తీయడమూ తప్పనిసరి. ఆధారితుల, అంటే మావంటి ఇంటివాళ్ళ, సంగతి రాయడం మరిచిపోయి, చివర "పై వాటికి తగ్గట్టు" అని చేర్చారు.

తర్వాత ఎండ పరీక్ష. రంగులు ఎండలో ఎట్లా కనబడతాయో తేల్చడానికి అందరినీ ఆఫీసుకు పిలిచారు. ఆ భవనంలో కిటికీలు తెరుచుకోవు. లోపలి చలికి నేను చెంగు నిండా కప్పుకొని కూర్చున్నాను. జిరాక్స్ మిషన్ మూత ఎత్తి, ఆ వెలుగులో ఒక్కొక్కరినీ నిలబెట్టి చూస్తున్నారు. అద్దాల అవతల మాదాపూర్ బండలు ఎండకు పగిలేటట్టున్నాయి.

"ఎండ బయటున్నది గద సారూ," అన్నాను.

"అది సముద్రం ఎండ కాదండి మామ్మగారూ," అన్నాడు సుబ్రహ్మణ్యం. "పైగా బయటికి వెళ్ళాలంటే గేట్ పాస్ కావాలండి."

నా వంతు వచ్చింది. గోచి పెట్టి కట్టిన నా ఎర్ర నేతచీరను ఆయన చుట్టూ తిరిగి చూశాడు.

"ఇది విహారానికి నప్పదండి. పొలం పనికి బయలుదేరినట్టుంది."

"నీళ్ళల్ల దిగేటందుకు గిదే మంచిగుంటది బిడ్డా."

"నీళ్ళల్లో ఎవరు దిగుతారండీ?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

చీర మార్చమంటే రానన్నాను. వాసంతి నా చెవిలో గొణిగింది. "జర అడ్జస్ట్ చేసుకో నానమ్మా. నా నౌకరీ ఇంకా కన్ఫర్మ్ గాలే."

రాజీ కుదిరింది. చీర మీద చిన్న పూల చొక్కా, ముడి మీద గడ్డిటోపీ. చొక్కాకు జేబుంది. పుట్టిన తర్వాత నాకు జేబు రావడం అదే మొదలు. వక్కలు పోసుకున్నాను. సుబ్రహ్మణ్యం మంజూరు చేశాడు.

రైలులో ఎవరూ వెనక్కి ఆనుకోలేదు, మడత నలుగుతుందని. విశాఖపట్నంలో బస్సెక్కాక తెరలు దించేశారు, రంగు వెలిసిపోతుందని. ఒడ్డున దిగీ దిగగానే వరసలు కట్టించారు. పెద్ద పూలు ముందు, చిన్న పూలు వెనక, ఆధారితులు అందరికంటే వెనక. ఫోటో అయ్యేదాకా ఎవరూ తడవకూడదు. కెమెరా రోడ్డు వైపు పెట్టారు. కాబట్టి కంపెనీ మొత్తం సముద్రానికి వీపు పెట్టి, రోడ్డును చూసి నవ్వుతూ నిలబడింది.

అంతలో పెద్దసారు టోపీ గాలికి ఎగిరిపోయింది. టోపీ లేకపోతే ఆయన హోదా ఏమిటో తెలియదు కనుక, దాన్ని పట్టి తెచ్చేదాకా అందరూ అట్లాగే నవ్వారు. నా వెనక ఒకటే చప్పుడు, వేయి చాటలతో వడ్లు చెరుగుతున్నట్టు. నా పాదాల కింద ఇసుక ఎవరో లాగేస్తున్నారు.

"నానమ్మా, ముంగటికి చూడు," అన్నది వాసంతి.

"చూస్త బిడ్డా. జర ఆగు."

తిరిగాను. అప్పుడే ఫోటో తీశారు.

ఎంతసేపు చూశానో తెలియదు. ఇసుక అంటితే బట్టలు పాడవుతాయని సుబ్రహ్మణ్యం అందరినీ బస్సెక్కించాడు.

ఫోటో వచ్చింది. టోపీల అంచులు ఒకదానికొకటి తగిలి సముద్రాన్ని మొత్తం కప్పేశాయి. సంఘం ముఖాలు సరిచూసింది. వాసంతి ముఖం బాగా వచ్చింది, నౌకరీ ఖాయమైంది. నాది వీపు మాత్రమే వచ్చింది గనుక నేను రాలేదని తేల్చారు.

"మీరు వచ్చారని నాకు తెలుసండి మామ్మగారూ," అన్నాడు సుబ్రహ్మణ్యం. "ఫోటోకు తెలియదు కదండీ."

అంజమ్మ ఆ ఫోటోను గుమ్మంలో వెలుతురుకు పెట్టి చూసింది.

"గీ ఫోటోల సముద్రమేది వదినా?"

"టోపీల ఎనక ఉన్నది."

"నువ్వేడున్నవ్?"

"గా చివరకు. వీపు."

"పోకుంటే పోలేదను వదినా. దానికేం పరేషాన్," అని ఫోటో నా చేతిలో పెట్టి ఇంట్లోకి పోయింది.

విహారం దిగ్విజయంగా జరిగిందని సంఘం ప్రకటించింది. ఆ ఫోటోలో కనబడనివి రెండే, సముద్రమూ నేనూ. వచ్చే ఏడు ఆ రెండూ లేకుండానే పోవాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.