పద్నాలుగిండ్ల నడక

రాప్తాడు దగ్గరి పల్లెలో విత్తనాల అంగడి నడిపే శ్రీరంగప్ప, ఇకనుంచి రోజూ పొద్దున్నే నడవాలని నిర్ణయించుకున్నాడు. అనంతపురంలో స్కానింగ్ తీసిన డాక్టరు అలా భయపెట్టి పంపాడు.

"లివర్‌కు కొవ్వు పట్టిందప్పా. మన కణాల్లో మైటోకాండ్రియా అని చిన్న పొయ్యిలుంటాయి. కొవ్వును కాల్చేది అవే. నువ్వు కూర్చోని తింటాంటే అవి మాత్రం ఎంతని కాలుస్తాయి? మిగిలిందంతా లివర్లో మూటలు కడతాది. నడువు. నెలకు మళ్లా రా."

"నెలకు తగ్గలేదంటే ఈ ఇంట్లో శెనిక్కాయల చట్నీ బంద్," అంది భార్య ఓబమ్మ. అనంతపురం మనిషికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

శ్రీరంగప్ప తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకుని బయలుదేరాడు. చేతులూపుతూ నడవడానికి సిగ్గేసి, ఎదురైన ప్రతివాడికీ దండం పెడుతూ నడిచాడు. పంచాయతీ ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయి.

మూడో ఇంటి దగ్గరే పాపన్న ఆపాడు. "ఏమన్నా, సర్పంచికి నిలబడతాండావా?"

"యాడిదప్పా! లివర్ కోసం నడుస్తాండా."

"కాదనేటోడే నిలబడేది. రా, బొరుగుల ఉగ్గాని తిను. రేపు గెలిచినంక మా వీధికి బోరు వేయించాల."

"డాక్టరు వద్దన్యాడప్పా..."

"ఓహో, మా ఇంట్లో తినవా?"

తినక తప్పలేదు. పాపన్న ఇంట్లో తిన్నాడని బయమ్మ బజ్జీలు వేసింది. బయమ్మ ఇంట్లో తిన్నాడని అక్కమ్మ నేతి ఓళిగలు చేసింది. నడక మానితే డాక్టరుకు కోపం, తినకపోతే ఊరికి కోపం. అందరి ఇంటా చట్నీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

సంగతి సర్పంచి నాగప్ప చెవిన పడింది. అదే డాక్టరు రెండేళ్లుగా నడవమంటున్నా జీపు దిగని మనిషి. "వాడు నడుస్తాంటే నేను జీపులో పోతే ఓట్లు యాడ పడతాయి?" అని, రోజూ శ్రీరంగప్ప వెనకే ఇంటింటికీ తిరగసాగాడు. అప్పటికి గిన్నెలు ఖాళీ అయ్యేవి. నాగప్పకు మంచినీళ్లే దొరికేవి.

నెల తర్వాత ఇద్దరూ స్కానింగ్ దగ్గర కలిశారు. నాగప్ప చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. ఆయన లివర్ శుభ్రపడింది. శ్రీరంగప్పది మరింత ముదిరింది.

"నడిచినావా లేదా?" అన్నాడు డాక్టరు.

"దినామూ నడిచినా సార్."

"ఎంత దూరం?"

"పద్నాలుగిండ్లు."

నాగప్ప శ్రీరంగప్ప చేతులు పట్టుకున్నాడు. "అన్నా, నీ పుణ్యాన బతికినా. నువ్వు పోటీలో లేవని ఇప్పుడన్నా ఒప్పుకోప్పా."

శ్రీరంగప్ప ఒప్పుకునేవాడే. కానీ ఇంటికెళ్లేసరికి, సంగతి ముందే తెలిసిన ఓబమ్మ చట్నీ రోలును బోర్లించి, దాని మీద కూర్చుని ఉంది.

మర్నాడే ఆయన నిజంగానే నామినేషన్ వేశాడు. పోలింగ్ దాకా చట్నీకి లోటుండదు.